మామ్మ భుజాలు

పోయిన వారం కథలో ఉమామహేశ్వరిని టాటా కంపెనీ ఊళ్ళో, బారిడీహ్‌లో, పుట్టింటి గేటు ముందు నిలబెట్టి ఆగాం. చెయ్యి గడియ మీద ఉంది. తియ్యడానికి మాత్రం ధైర్యం చాలడం లేదు.

ఆ గేటు దాటి బయటికి నడిచిన రోజున ఉమకి పంతొమ్మిదేళ్ళు. అందరూ కొడుకంటున్న తను ఆడపిల్లనని నట్టింట్లో నిలబడి చెప్పిన రోజది. తండ్రి ఆదిబాబు బెల్టు తీశాడు. తల్లి పైడమ్మ వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తరవాత ఉమ బాగ్‌బేరాలో గది తీసుకుంది. రైల్వే కాలనీ మలుపులో ఇడ్లీ బండి పెట్టింది. తన పేరు తానే పెట్టుకుంది. ఒంటిని ఆడతనానికి మార్చే మందులు మొదలుపెట్టింది. ఇన్నేళ్ళకి కోల్‌కతాలో ఒక డాక్టరు ఆపరేషన్‌కి ఒప్పుకున్నాడు గానీ, బరువు బాగా తగ్గి రమ్మన్నాడు. అప్పటినుంచి ఉమ తెల్లారకుండానే వందల ఇడ్లీలు దించుతూ, తాను మాత్రం కీరదోస ముక్కలు నముల్తూ బతుకుతోంది.

లావుగా ఉన్న ఆడదాన్ని చూసి లోకం లావుపాటి ఆడదనుకుంటుంది. ఉమను చూసి మాత్రం మగాడనుకుంటుంది. ఆ తేడా ఉమకి రోజూ బజారే నేర్పింది. "దేఖ్ ఉమా, హమ్ లోగోఁ కో మోటా హోనే కా హక్ నహీఁ హై," అంటుంది గదిలో తోడుండే కల్పన. మనలాంటి వాళ్ళకి లావుగా ఉండే హక్కు లేదట. కద్మాలో బ్యూటీ పార్లర్లో పనిచేసే కల్పన మల్లెతీగలా ఉంటుంది. దారిన పోయేవాళ్ళెవరూ ఆమె వైపు రెండోసారి తేరిపార చూడరు. ఉమను ఆగి మరీ చూస్తారు. "ముందు ఆ భుజాలు దాచు, తరవాత చూద్దాం," అని కల్పనే దుపట్టా రెండు వైపులా పిన్నులు పెట్టి పంపుతుంది.

అలాంటి సమయంలో తల్లి నుంచి ఫోను. "మామ్మ పడిపోనాది. ఒకసారి రావాల." అంతే, పెట్టేసింది.

గడియ ఉమ తియ్యలేదు. లోపలినుంచి పైడమ్మే వచ్చి తీసింది.

తల్లి వడలిపోయింది. జుట్టు ముందువైపు పూర్తిగా నెరిసింది. కళ్ళు ఉమ ముఖం దాకా రాలేదు, చెప్పుల దగ్గరే ఆగిపోయాయి.

"మీ నాన్న పొద్దున్న షిఫ్టుకెల్లారు," అంది పైడమ్మ. "రెండు దాటితే గానీ ఇంటికి రారు. ఈలోపల..."

"ఈలోపల వెళ్ళిపోవాలి. సమఝ్ గయీ," అంది ఉమ.

అర్థమైందనే ఆ హిందీ మాటలో, ఆడవాళ్ళే వాడే 'గయీ' చెవిన పడగానే పైడమ్మ భుజం చిన్నగా అదిరింది. తలుపు జారగా తెరిచి పక్కకి జరిగింది. ఉమ అలవాటు కొద్దీ ఒళ్ళు ముడుచుకుని, ఒక పక్కకి ఒరిగి, గడపలో ఎక్కువ చోటు పట్టకుండా లోపలికి వచ్చింది. ఆటోలో కూర్చున్నా, క్యూలో నిలబడ్డా అంతే. తనది కాని స్థలమేదో వాడుకుంటున్నట్టు ఉంటుంది ఆమె కదలిక.

వరండాలోనే నిలబెట్టి పైడమ్మ సంగతంతా చెప్పింది. సింహాచలమ్మ, అంటే ఆదిబాబు తల్లి, ఉమకి మామ్మ, బాత్‌రూములో జారిపడి మూడు వారాలయింది. ఎముక విరగలేదు. నడుం దగ్గర నరం పట్టేసిందనీ, రోజూ లేపి కూర్చోబెట్టి నాలుగడుగులు వేయించకపోతే ఇక మంచానికే అంకితమనీ డాక్టరు చెప్పాడు. కానీ లేపేదెవరు? సింహాచలమ్మ మామూలు మనిషి కాదు. ఎనభై దాటినా ఆ ఒళ్ళు తగ్గలేదు.

"ఆయాని పెట్టేం. ఒకర్తి రెండ్రోజులొచ్చి నడుం పట్టేసిందని మానేసింది. ఇంకొకర్తి గుమ్మం కాడినుంచే సూసి, 'ఇత్‌నీ భారీ ఔరత్!' అని, ఇంత బరువు మనిసి నా వల్ల కాదని దండం పెట్టి ఎల్లిపోనాది. నీ తమ్ముడు మురళీ, ఆడి స్నేయితుడూ కలిసి లేపుదామని సూస్తే మరచెంబు ఇసిరింది. మగోడెవడైనా నా ఒంటిమీద సెయ్యేస్తే ఊరుకోనని ఒకటే గోల. నానొక్కద్దాన్నీ తడిగుడ్డతో తుడుత్తన్నాను. ఈపు కింద పుండు పడతంది. నీళ్ళు పోసి ఇరవై రోజులు దాటిపోనాది."

ఉమకి విషయం అర్థమైంది.

"అందుకన్నమాట నేను గుర్తొచ్చాను. బలం మగాడిదవ్వాలి, మనిషి మగాడు కాకూడదు. ఈ ఊళ్ళో అలాంటి సరుకు నేనొక్కదాన్నే దొరికాను, కదమ్మా?"

పైడమ్మ తలెత్తలేదు.

"ఇన్నేళ్ళలో ఒక్క పండక్కి పిలిచావా? జ్వరం వచ్చి పడున్నప్పుడు మురళికి ఫోను చేస్తే నువ్వు మాట్లాడావా? బండికి ఎద్దు కావాల్సొచ్చి పిలిచావు. బస్, ఇంతే!"

"నాను పిలవలేదు," అంది పైడమ్మ.

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ఉమ వెనక్కి తిరగబోయింది.

"మీ మామ్మే పిలిచింది," అంది పైడమ్మ, నేల వంక చూస్తూనే. "ఎవర్నీ దగ్గరికి రానివ్వట్లేదు. ఒకటే మాట. 'గుంటకి కబురెట్టండి. మన గుంటొచ్చి లేపుతాది' అని."

ఉమ ఆగిపోయింది.

ఉత్తరాంధ్ర నుంచి టాటాకి వలసొచ్చిన ఇళ్ళలో మగపిల్లాడు గుంటడు. ఆడపిల్ల గుంట. మధ్యలో ఉన్నది ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరం కోసమే ఉమ ఈ ఇల్లు వదిలిపెట్టింది.

"గుంటడికి అనుంటుంది. నువ్వు సరిగా వినలేదు."

"నానూ అలగే అనుకున్నాను." పైడమ్మ మొదటిసారి కళ్ళెత్తింది. ఆ కళ్ళలో భయం ఉంది, ఇంకేదో కూడా ఉంది. "మళ్ళీ అడిగేను. 'గుంటడికా అత్తా?' అని. 'నీకు సెవుడేటే?' అని కసిరింది."

*

మామ్మ గదిలో ఫినాయిల్ వాసన కింద పుండు వాసన దాక్కునుంది. ఇనప మంచం మీద సింహాచలమ్మ కొండ ఒరిగినట్టు పడుకుని ఉంది. తెల్లటి జుట్టు చిక్కుపడి దిండంతా పరుచుకుంది. చూపు మాత్రం చెక్కు చెదరలేదు. గుమ్మంలో నిలబడ్డ మనవరాలిని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి తీరిగ్గా చూసింది.

ఉమ ఆ చూపుకి సిద్ధపడే వచ్చింది. లావు గురించి, గొంతు గురించి, చెవి లోలాకుల గురించి ఏ మాట వస్తుందో దానికి ఏం బదులు చెప్పాలో దారి పొడుగునా ఆటోలో కూర్చుని అల్లుకుంది.

"ఏటే, ఇలగ సిక్కిపోనావు?" అంది మామ్మ.

ఉమ పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఎవరూ అనలేదు. అల్లుకున్న బదుళ్ళన్నీ చెదిరిపోయాయి. నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్ళు నిండాయి. దుపట్టా కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "చిక్కడమేంటి మామ్మా, నన్ను చూసి ఆటోవాడు డబుల్ అడిగాడు," అంది.

"ఆడి బొంద. మొకం పీక్కుపోనాది. కళ్ళ కింద నలుపు. దగ్గిరికి రా."

ఉమ మంచం పక్కన నిలబడింది. అడగాల్సిన మాట ఒకటుంది. అది అడగకుండా ఈ మనిషి ఒంటి మీద చెయ్యి వెయ్యలేదు.

"మామ్మా. మగవాడు ముట్టుకోకూడదన్నావట. మరి... నేను పరవాలేదా?"

గుమ్మంలోకి పైడమ్మ వచ్చి నిలబడింది.

"గుంటని పిలమన్నాను. గుంటొచ్చింది. మళ్ళీ ఏటడుగుతావు?" అని విసుక్కుంది సింహాచలమ్మ.

"నీకెలా తెలిసింది మామ్మా?"

"నాకేటి తెలుసు? నాకేటీ తెల్దు. ఆ రోజు నట్టింట్లో నిలబడి నువ్వే సెప్పేవు కదేటే. మీ నాన్న కొడతన్నాడు, నువ్వు సెప్తన్నావు. అంత దెబ్బ తింటూ మనిసి అబద్దం ఆడదు. నువ్వు సెప్పింది నాను ఇన్నాను. అంతే."

ఎన్నో ఆసుపత్రుల్లో, ఎందరో డాక్టర్ల ముందు, ఎన్నో ప్రశ్నలకి జవాబులు చెప్పి రుజువు చేసుకుంటూ వచ్చిన సంగతి అది. చదువు రాని ముసలమ్మ దాన్ని ఒక్కసారి విని నమ్మేసి, ఇన్నేళ్ళూ అలాగే దాచుకునుంది. ఉమ ఒంగి మామ్మ చంకల కింద చేతులు దూర్చింది.

"మెడ చుట్టూ చేతులెయ్యి. ఊఁ అనగానే లేవాలి."

మామ్మ లేచింది. జానెడు లేచింది. అంతలో ఉమ మోకాళ్ళు వణికాయి. కళ్ళ ముందు నల్లటి చుక్కలు తేలాయి. ఇద్దరూ కలిసి మంచం మీద కూలబడ్డారు. మంచం కిర్రుమంది.

"పొద్దున్నుంచి ఏటి తిన్నావే?" అంది మామ్మ, ఆయాసంలోనే.

"కీరా."

"నిన్న రాత్తిరి?"

ఉమ దుపట్టా పిన్ను సర్దుకుంది.

"పైడమ్మా! అన్నం అట్రా."

"వద్దు మామ్మా. తినకూడదు. డాక్టరు బరువు తగ్గమన్నాడు. తగ్గితేనే ఆపరేషన్."

"ఏటి ఆపరేసను?"

గుమ్మంలో తల్లి ఉంది. ఉమ ఒక్క క్షణం తల్లి వంక చూసి, మామ్మ చెయ్యి పట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పింది. ఒంటిని మనసుకి తగ్గట్టు చేసుకునే ఆపరేషన్. ఇడ్లీ బండి మీద ఇన్నేళ్ళు నిలబడింది దాని కోసమే. పైడమ్మ పైటకొంగు నోటికడ్డం పెట్టుకుంది.

మామ్మ ఆ చెయ్యి వదల్లేదు.

"నీ ఒళ్ళు, నీ ఇష్టం. డాట్రు తగ్గమన్నాడు, సరే. బతకొద్దన్నాడేటి? కోత కోయించుకోడానికి ఒంట్లో నెత్తురుండద్దా? ఏటి తినాలో, ఎంత తినాలో ఆణ్ణే అడుగు. ఇలగ ఎండబెట్టమని ఏ డాట్రు సెప్పాడే?"

ఉమ తల దించుకుంది. ఏ డాక్టరూ చెప్పలేదు. ఆ డాక్టరు ఆహారం ఎలా తీసుకోవాలో వివరంగానే చెప్పాడు. ఎండబెట్టుకోమన్నది అద్దాలు, బజారు, బండి దగ్గర ఇడ్లీ తింటూ తన నడుం వంక చూసి నవ్వుకునే కుర్రాళ్ళు. త్వరగా తగ్గాలి, ఇంకా త్వరగా తగ్గాలి అన్నది ఆమె లోపలి గొంతే.

పైడమ్మ కంచం తెచ్చింది. వేడన్నం, పప్పుచారు, పక్కన ఎండుచేప మెత్తళ్ళ వేపుడు. చిన్నప్పుడు ఉమకి ఆ వేపుడుంటే ఇంకేమీ అక్కర్లేదు. ఆ సంగతి తల్లి మర్చిపోలేదని కంచమే చెప్తోంది. ఉమ చేతులు ఒళ్ళోనే ఉంచుకుంది. పైడమ్మ నిలబడే అన్నం కలిపింది. ముద్ద చేసింది. ముద్ద పట్టుకున్న చెయ్యి కూతురి నోటి ముందు ఆగింది. ఫోనులోనూ, గేటు దగ్గరా, వరండాలోనూ ఇటు 'రా' అని గానీ అటు 'వే' అని గానీ అనకుండా ఎంతో జాగ్రత్తగా దాటుకుంటూ వచ్చిన ఆ తల్లి ఇప్పుడంది:

"తినవే."

ఉమ తింది.

*

బాత్‌రూము తలుపు ఇరుకు. అందులో మామ్మే సరిగా పట్టదు, ఇద్దరూ కలిసి అసలు పట్టరు. అందుకని స్నానం పెరట్లో పెట్టారు. క్వార్టరు వెనక నాలుగు వైపులా గోడ ఉన్న చిన్న పెరడది. పైడమ్మ తీగల మీద దుప్పట్లు పరిచి చాటు కట్టింది. రెండు బకెట్ల వేణ్ణీళ్ళు, సున్నిపిండి, పసుపు, కొబ్బరినూనె గిన్నె తెచ్చి పెట్టింది. మధ్యలో గట్టి కర్ర కుర్చీ. శివరాత్రి వెళ్ళాక చలి పోయి, మండకుండా ఒళ్ళు కాచే ఎండ కాస్తోంది.

ఈసారి ఉమ మోకాళ్ళు వణకలేదు. పాదాలు ఎడంగా పెట్టి, మామ్మ మోకాళ్ళకి తన మోకాళ్ళు ఆనించి, ఊపిరి పీల్చి లేపింది. సింహాచలమ్మ లేచి నిలబడింది. మూడు వారాల తరవాత ఆమె పాదాలు నేలను తాకాయి. ఇద్దరు నిండైన మనుషులు ఒకరినొకరు కరుచుకుని, ఒక్కొక్క అడుగే వేస్తూ, గది దాటి, వసారా దాటి ఎండలోకి వచ్చారు. ఉమ ఈసారి ఒరగలేదు, ముడుచుకోలేదు. ముడుచుకుంటే మామ్మ పడిపోతుంది.

కుర్చీలో కూర్చోబెట్టి చీర తీసింది. జాకెట్టు హుక్కులు విప్పింది. మొదటి చెంబు నీళ్ళు భుజం మీద పోసింది.

అప్పుడు చూసింది.

నీళ్ళు మెరుస్తూ జారుతున్న ఆ భుజాలు తనవే. ఎముక అక్కడ మొదలై, ఇంత దూరం విశాలంగా సాగి, చివర గుండ్రంగా వంపు తిరగడం అచ్చంగా తనదే. పైచేయి మందం, మెడ వెనక మడత, మోచేతి దగ్గర పడే గుంట, అన్నీ. పొట్ట మూడు మడతలుగా తొడల మీద ఒదిగి ఉంది. దాని మీద ఏనాటివో వెండి గీతలు ఎండలో తళుక్కుమంటున్నాయి. వక్షం బరువుగా, నింపాదిగా వాలి ఉంది. ముంజేతుల నిండా పచ్చబొట్లు, తేళ్ళూ చుక్కలూ, చర్మం సాగినచోటల్లా అవీ సాగి కొత్త బొమ్మలయ్యాయి.

ఉమ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఇలాంటి ఒళ్ళు ఆమె ఎక్కడా చూడలేదు. పోస్టర్ల మీద లేదు, ఫోనులో లేదు, కల్పన పార్లరు గోడల మీద లేదు. ఉన్నదల్లా తన గది అద్దంలోనే, అక్కడ దాన్ని చూసి మొహం తిప్పుకోవడం తప్ప ఏమీ తెలియదు. తనలాంటి వాళ్ళెవరూ ముసలితనం దాకా రావడం కూడా ఆమె పెద్దగా చూడలేదు. తాను ముసలిదయితే ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా ఊహించుకోలేకపోయింది. ఊహ ఎప్పుడూ ఆపరేషన్ దగ్గరే ఆగిపోయేది. ఇదిగో, ఇక్కడ, కర్ర కుర్చీలో, ఎనభై ఏళ్ళు దాటిన తన ఒళ్ళు కూర్చుని ఎండ కాచుకుంటోంది. సిగ్గు లేదు. దాచుకోవడం లేదు. కళ్ళు మూసుకుని, నీళ్ళు తగిలిన సుఖానికి "అబ్బా" అంటోంది.

ఎత్తైన కొండ కిందకి మొదటిసారి వచ్చినవాళ్ళకి కలిగే నిశ్శబ్దం ఆమెకి కలిగింది.

"ఏటే, నీళ్ళు సల్లారిపోతన్నాయి," అంది మామ్మ కళ్ళు తెరవకుండానే.

ఉమ తేరుకుని సున్నిపిండి తీసుకుంది. వీపు రుద్దింది. పుండు పడుతున్న చోట మెత్తటి గుడ్డతో అద్ది, ఆరబెట్టింది. మడత మడతా విడదీసి కడిగింది.

"ఎడం పక్క. ఇంకాస్త కింద. ఆఁ, అక్కడ." మామ్మ ప్రాణం లేచొచ్చింది. "నా పెళ్ళినాడు మా అమ్మ ఇలగే రుద్దింది. మీ తాత ముసలయ్య పేరుకి ముసలయ్య గానీ పుల్లలా ఉండీవోడు. పెళ్ళోరందరూ ఒకటే నవ్వు. 'ఒరే, పెళ్ళికూతురు నీకు రెండింతలుందిరా' అని. ఆడేటన్నాడో తెలుసా? 'ఎండలో పన్జేసేవోణ్ణి. నీడ పట్టున పడుంటాను, మీకేటి?' అన్నాడు."

ఉమ నవ్వింది. దుప్పటి అవతల పైడమ్మ కూడా నవ్వడం వినబడింది.

"ఇక్కడికొచ్చేక బిల్డింగు పన్లో రేజాగా, అంటే ఆడకూలీగా సేరేను. ఇటుకలు మొయ్యడం. లారీ, లారీ అని పిలిసీవోరు నన్ను. గేదె అనీవోరు."

"నీకు బాధనిపించేది కాదా?"

"ఎందుకనిపించదు? ఏడిసేను. మీ తాతకి తెలకుండా ఏడిసేను. ఒక దసరాకి ముద్ద మానేసి ఉపాసాలు సేసేను కూడా." మామ్మ కళ్ళు తెరిచి తన చేతుల వంక చూసుకుంది. "అందవంటే ఏటో నాకు తెల్దే. గానీ ఈ ఒంటితోటే కదా ఎండ కాసుకున్నాను, పిల్లల్ని ఎత్తుకున్నాను, మీ తాత తాగొచ్చిన నాడు నాలుగు తగిలించేను. ఇది నాకు సేసిన అపకారం ఏటీ నేదు. మరి దీన్ని నానెందుకు తిట్టాలి? తిట్టడం మానేసేను. అంతే. ఓలె, మానేసేక ఎంత హాయో!"

నూనె రాయడానికి ఉమ ముందుకు వచ్చి ఒంగింది. నీళ్ళలో తడిసి పిన్నులు ఊడి దుపట్టా ఎప్పుడో జారిపోయింది. మామ్మ రెండు చేతులూ చాచి ఆమె భుజాలు పట్టుకుంది. ముసలి వేళ్ళు అటూ ఇటూ తడిమి, కొలిచినట్టు కొలిచి, ఆగాయి.

"ఇయ్యెందుకే దాసుకుంటావు?"

"మగాడి భుజాలంటారు మామ్మా, అందరూ."

"ఎవుడా అన్నోడు?" సింహాచలమ్మ గొంతు లేచింది. "ఇయ్యి మా అమ్మయి. కావిడి మోసీది మా అమ్మ. ఆవిడయి నాకొచ్చేయి. నాకు ముగ్గురు కొడుకులు, ఒక్కడికీ రానేదు. మీ నాన్న సూడు, తాత పోలిక, పుల్ల. నాకు కూతుళ్ళు నేరు. ఈ బుజాలు నాతోటే కాట్లో కాలిపోతాయనుకున్నాను." వేళ్ళు గట్టిగా నొక్కాయి. "నీకొచ్చేయి. ఆడోళ్ళ బుజాలివి. మా ఇంట్లో ఆడోళ్ళకే వత్తాయి."

ఉమ పెరటి గచ్చు మీద, నీళ్ళలో, మామ్మ ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. ఎన్నేళ్ళనుంచో తన ఒంటిని చూసి ఏ దేవుడో సరిగా పట్టించుకోకుండా చేసిన బొమ్మ అనుకుంటూ వచ్చింది. తెలియని ఒక ముత్తవ్వ కావిడి మోస్తూ నడుచుకుంటూ వచ్చి దీన్ని ఆమెకి అందించి వెళ్ళింది. ఎండ, నూనె వాసన, పసుపు నీళ్ళు, తల మీద బరువైన వెచ్చటి చెయ్యి. లోకంలో తనకంటే ముందు తనలాంటి ఆడవాళ్ళు ఉన్నారు. ఆ సంగతి ఎంత పెద్దదంటే, దాన్ని ఒక్కసారిగా గుండెలోకి తీసుకోవడానికి చోటు చాలలేదు.

దుప్పటి తొలిగింది. తుండు పట్టుకుని పైడమ్మ నిలబడి ఉంది. అంతా వింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అత్తగారి భుజాల వంక చూసింది. కూతురి భుజాల వంక చూసింది. మళ్ళీ అత్తగారి వంక.

"నిజవే," అంది గొణుగుతున్నట్టు. "నానెప్పుడూ సూడనేదు."

*

ఉమ బట్టలు నిలువునా తడిసి ముద్దయ్యాయి. ఆ ఇంట్లో ఆమెకి పట్టే బట్ట ఏముంటుంది? "నా ట్రంకులో ఆకుపచ్చ నేతచీరుంది, జాకెట్టుతో పాటు ఇయ్యి," అని మామ్మే పురమాయించింది. చీర కట్టుకోవాలని ఉమకి ఎంత ఇష్టమో, జాకెట్టంటే అంత భయం. ఎక్కడ కుట్టించినా భుజం దగ్గర పిగిలేది. టైలర్లు మొహం చిట్లించేవాళ్ళు. మామ్మ జాకెట్టు చేతులు దూర్చగానే సర్దుకుపోయింది. హుక్కులు ఒకదాని తరవాత ఒకటి తేలిగ్గా పడ్డాయి. భుజం కుట్టు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. ఆమె చేతులు పైకెత్తి చూసింది, వెనక్కి విరిచి చూసింది. ఎక్కడా పట్టెయ్యలేదు. పైడమ్మ వచ్చి కుచ్చెళ్ళు సర్ది, పైట వేసి, తడిజుట్టు పైకి చుట్టి తుండు కట్టింది.

మామ్మ కుర్చీలోనే ఉంది, ఒంటికి శుభ్రమైన చీర చుట్టుకుని. ఉమ ఆమె ముందు నిటారుగా నిలబడి చిక్కు తీయడం మొదలుపెట్టింది. దువ్వెన జుట్టులో మెల్లగా దిగుతోంది. మామ్మకి కునుకు పడుతోంది. పైడమ్మ పక్కన కూర్చుని తడి చీర పిండుతోంది. ముగ్గురూ అలా ఎండలో ఉండగా ఎంతసేపయిందో ఎవరూ చూసుకోలేదు.

గేటు గడియ చప్పుడయింది.

పైడమ్మ చేతిలో చీర జారిపోయింది. సైకిలు గోడకి ఆనించిన చప్పుడు. టిఫిను డబ్బా వరండాలో పెట్టిన చప్పుడు. "పైడమ్మా! మంచం కాళీగా ఉందేటి? అమ్మేదీ?" కంగారుగా వసారాలోంచి వస్తున్న అడుగులు.

ఉమ వెనక్కి తిరగలేదు. ఆ అడుగుల వెనక బెల్టు చప్పుడు కోసం ఆమె చెవులు వాటంతటవే వెతికాయి.

అడుగులు పెరటి గుమ్మంలో ఆగిపోయాయి.

ఆదిబాబుకి ఎండలో కనిపించింది ఒకటే. ఆకుపచ్చ నేతచీర. తలకి చుట్టిన తుండు. తను పుట్టినప్పటినుంచి ఎరిగిన ఆ వెడల్పాటి వీపు, ఆ భుజాలు. నిలబడి ఉన్నాయి.

"అమా!"

ఉమ ఆ గొంతు ఎన్నడూ వినలేదు. అది ఆరేళ్ళ పిల్లాడి గొంతు.

"లేచేవేటే? నిలబడ్డావేటే అమా!"

రెండంగల్లో వచ్చేశాడు. వెనకనుంచి రెండు చేతులూ ఆ భుజాల చుట్టూ వేసి, నుదురు మెడ వెనక ఆనించి, గట్టిగా కరుచుకుని వెక్కి వెక్కి ఏడవసాగాడు. ఇనుము, చెమట, బీడీ కలిసిన తండ్రి వాసన ఉమను నిలువునా కప్పేసింది. వెచ్చటి కన్నీళ్ళు మామ్మ జాకెట్టులోంచి ఆమె చర్మానికి తగులుతున్నాయి. "ఇంక లేవవనుకున్నానే... పోతావనుకున్నానే..."

పైడమ్మ గబుక్కున లేచింది.

ఉమ ఊపిరి తీసుకోలేదు. తీసుకుంటే ఈ క్షణం విరిగిపోతుంది. జన్మలో తండ్రి ఇంత ప్రేమగా తనని పట్టుకోలేదు. ఇప్పుడు పట్టుకున్నది తనని కాదు. అయినా పట్టుకున్న భుజాలు తనవే.

కుర్చీలో కునుకుతున్న సింహాచలమ్మ కళ్ళు తెరిచింది. ఉమ ఒంటి చాటునుంచి తల పక్కకి వంచి కొడుకుని చూసింది.

"ఒరే ఆదీ. నానిక్కడున్నాను."

ఏడుపు టక్కున ఆగిపోయింది.

"నువ్వట్టుకున్నది నీ కూతుర్ని," అంది సింహాచలమ్మ.

భుజాల మీది చేతులు బిగుసుకున్నాయి. రాయిలా బిగుసుకున్నాయి. అలాగే ఉన్నాయి. ఇంకా తియ్యలేదు.

ఉమ దువ్వెన మామ్మ ఒళ్ళో పెట్టి, ఆ చేతుల మధ్యనే, మెల్లగా తండ్రి వైపు తిరగడం మొదలుపెట్టింది.